మబ్బు కింద సముద్రం

వెళ్ళి వచ్చి రెండు నెలలవుతున్నా కోపం చల్లారలేదు కాబట్టి రాస్తున్నాను. హైదరాబాదు చూడని మా కాకినాడ వాళ్ళకు చార్మినార్ గురించీ బిర్యానీ గురించీ చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చూసి వచ్చింది అదే ఊరికి ఇంకో చివర, అద్దాల మేడలు లేచిన వైపు. అక్కడ సముద్రం లేదు. కానీ మా సముద్రంలో ఏముందో, ఏం లేదో తేల్చేది మాత్రం అక్కడేనట.

ముందు నా సంగతి చెప్పాలి. కాకినాడలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. పాఠాలు కాక నాకున్న పిచ్చి సముద్రపు నీళ్ళు. ఊరికి ఉత్తరాన ఒక మత్స్యకార పల్లెలో పోలయ్య అనే బోటు యజమాని ఉన్నాడు. ఏళ్ళ తరబడి అతని బోటెక్కి, సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చి, వడగట్టి, వాటిలో పచ్చదనం ఎంతుందో కొలుస్తున్నాను. ఆ పచ్చదనం కంటికి ఆనని చిన్న మొక్కలది. ప్లవకాలంటారు. నేల మీద పశువులకు గడ్డి ఎలాగో సముద్రంలో చేపలకు అవి అలాగ. అవి బాగా పెరిగిన చోట చేప ఉంటుంది.

ఆ పల్లెకు జెట్టీ లేదు, ఐసు ఫ్యాక్టరీ లేదు. వానాకాలంలో వలలు నిండుతాయి, ఒడ్డుకు తెచ్చిన చేప ఇసుకలోనే మెత్తబడిపోతుంది. పోలయ్య భార్య నూకాలమ్మ ఎండబెట్టాలని చూస్తుంది గానీ వానలో ఏం ఎండుతుంది? కుళ్ళినదాన్ని బుట్టలకెత్తి మళ్ళీ సముద్రంలోనే పారబోస్తుంది. పారబోసేటప్పుడు ఆవిడ మొహం చూడలేం.

ప్లవకాలు బాగా పెరిగే చోట్ల జెట్టీలు కట్టిద్దామని ప్రభుత్వం అనుకుంది. మంచి ఆలోచనే. కొలిచే పని హైదరాబాదులో ఒక కంపెనీకి అప్పగించారు. వాళ్ళు ఉపగ్రహం పంపే సముద్రపు రంగును బట్టి లెక్క కడతారు. నీలంగా ఉంటే పేద నీళ్ళు, పచ్చగా ఉంటే కలిగిన నీళ్ళు. ఆ లెక్క నిజమేనని స్థానికంగా నీళ్ళు పరీక్షించిన మనిషి ఒకరు సంతకం పెట్టాలి. మా తీరానికి ఆ మనిషిని నేను. "ఏముందమ్మా, సంతకం పెట్టేసి వచ్చెయ్యండి, చార్జీలు కూడా వాళ్ళే ఇస్తారు" అన్నారు మా ప్రిన్సిపాల్ గారు. కంపెనీ వాళ్ళకు ఇద్దామని కాజాల డబ్బా ఒకటి కొని రైలెక్కాను.

లింగంపల్లి

తెలంగాణ కోసం సమ్మె జోరుగా నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి, బడులు మూతపడ్డాయి. సికింద్రాబాదులో దిగి లోకల్ రైల్లో లింగంపల్లి చేరాను. స్టేషను గోడలు మొత్తం నినాదాలే.

బయట ఇరానీ చాయ్ తాగాను. మా వైపు టీ అంటే నీళ్ళూ పాలూ కలిపి మరిగించేస్తారు. ఇక్కడ డికాక్షన్ ఒకచోట, పాలు ఒకచోట మరుగుతూ ఉంటాయి, కప్పులోనే వాటి పరిచయం. ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్టు అందులో ముంచి తింటే బాగుంది. ఈ ప్రయాణంలో నాకు కోపం తెప్పించని మొదటి వస్తువు అదే.

మణికొండలో మా పెదనాన్న కూతురు ఝాన్సీ అక్క ఇంట్లో బస. అక్క ముందే ఫోను చేసి జాగ్రత్తలు చెప్పింది. "ఆటోలో నోరు మెదపకు. మన యాస వింటే పట్టేస్తారు, అసలే రోజులు బాగాలేవు." అందుకని ఆటోవాడికి చీటీ మీద రాసిన అడ్రసు చూపించి, మూగదానిలా కూర్చున్నాను. లెవెల్ క్రాసింగు దాటకముందే అతను అద్దంలోంచి అడిగాడు.

"గోదావరి దిక్కా మేడమ్?"

"ఎలా తెలిసిందండి?" అనేశాను, జాగ్రత్తలన్నీ మరిచిపోయి.

"కాజాల వాసనొస్తుంది గదా. మా ఓనర్‌ది ఆ దిక్కే, పండుగకు తెస్తడు" అని నవ్వాడు. "బుగులు వడకుండ్రి. మా లొల్లి మీతోని గాదు. మా నీళ్ళు, మా కొలువులు మాకు గావాలంటున్నం. అంతే."

మాట మర్యాదగానే ఉంది. కిరాయి దగ్గరికి వచ్చేసరికి మామూలుగా తీసుకునేదానికి మూడింతలు అడిగాడు. ఇదేమిటంటే "సమ్మె మేడమ్" అన్నాడు. అపార్టుమెంటు గేటు దగ్గర ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. చివరికి ఇచ్చాను, కానీ ఇష్టంతో ఇవ్వలేదు.

వాసన ఎందుకొచ్చిందో ఇంట్లోకెళ్ళాక తెలిసింది. డబ్బా మూత ఊడి, పాకం సంచిలోకి కారిపోయింది. నా వానాకాలపు కొలతల కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అక్కా నేనూ కూర్చుని తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాం.

గచ్చిబౌలి రోడ్డు మీద వంట

మర్నాడు ఆఫీసుకు బయల్దేరితే, కూడలికి చాలా ముందే ఆటో ఆగిపోయింది. అంత వెడల్పు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. కొట్లాట చూస్తానని భయపడుతూ వచ్చినదాన్ని, కట్టెల పొగా తాలింపు వాసనా చూసి నిలబడిపోయాను. నిరసన అంటే మా వైపు రాస్తారోకో చేస్తాం, దిష్టిబొమ్మ తగలబెడతాం. అన్నం వండుకుని రోడ్డు మీదే తిని, వచ్చినవాళ్ళకు పెట్టే నిరసన నేనెప్పుడూ చూడలేదు. వంటా వార్పూ అంటారట.

గరిటె పట్టుకున్న ఆవిడ పేరు యాదమ్మ. పాలమూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి మేడల్లో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఆ రోజు పనిలోకి పోలేదు.

"ఏడికక్కా, గింత ఎండల?" అంది.

"ఆఫీసులో మీటింగు ఉందమ్మా."

"ఏ ఊరు మీది?"

అక్క చెప్పిన జాగ్రత్త గుర్తొచ్చింది. కానీ అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. కాకినాడ అన్నాను. కూరలు తరుగుతున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. 

"సముద్రం కాడనా?" అంది యాదమ్మ.

"ఆ, సముద్రం పక్కనే."

"నేను సముద్రం సూడలే ఎన్నడు" అని, విస్తరి తీసింది. "కూసో, జర తిని పో."

మీటింగుకు ఆలస్యమవుతుందన్నాను. "అయితే మర్లి వచ్చేటప్పుడు తిను. పొద్దుమీకేదాక పొయ్యి ఆర్పం" అంది. అక్కడి నుంచి నడిచే వెళ్ళాను.

పదకొండో అంతస్తు

మేడ గుమ్మంలో మెళ్ళో కార్డు తగిలించారు. దాని మీద నా పేరు తప్పు. లోపల చలి. మా ఊళ్ళో చేపకు దొరకని చల్లదనం అక్కడ కుర్చీలకు దొరుకుతోంది.

మేనేజరు మా కోస్తా వాడే, గుంటూరు వైపు. అద్దంలోంచి కిందికి చూపించి "టీవీల్లో సమ్మె సమ్మె అని గోల గానీ చూడండి మేడమ్, ఇక్కడంతా ఎంత ప్రశాంతమో. రోడ్డు మీద ఒక్క బండి లేదు" అన్నాడు.

"బండి లేకపోవడమేనండి సమ్మె" అన్నాను. సరదాగా అన్నాననుకుని నవ్వాడు. నేనూ అప్పటికి సరదాగానే ఉన్నాను.

పక్కన స్వప్న అని ఇంజినీరు. జనగామ దగ్గరి పల్లె పిల్ల, ఈ లెక్కంతా తనే కట్టింది. తెర మీద మా తీరం పటం వేసింది, చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో అంకె వేసి. ఎంత అందంగా ఉందో! వేసవిలో ఒడ్డు వెంట ఆకుపచ్చ, దూరంగా నీలం. బోటులోంచి గుక్కెడు గుక్కెడుగా చూసిన సముద్రాన్ని ఒక్కసారిగా పై నుంచి చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ శాస్త్రం మీద నాకు ఈ రోజుకీ గౌరవమే.

తర్వాత వానాకాలం నెలలు వచ్చాయి. మా తీరమంతా లేత నీలం, పేద నీళ్ళ రంగు. ఏడాది సగటు తీసి, కింద రాశారు: అల్ప ఉత్పాదక ప్రాంతం. జెట్టీకి అర్హత లేదు.

"ఇదేంటి? వానాకాలంలోనే కదా మాకు నీళ్ళు చిక్కగా పచ్చబడేది. ఇక్కడ సున్నా ఉందే?" అన్నాను.

స్వప్న తల వంచుకుని చెప్పింది. "ఆ నెలలల్ల మొత్తం మబ్బు మేడమ్. మబ్బు ఉంటే శాటిలైట్‌కు నీళ్ళు కనపడయి. ఆ గడులు ఖాళీగ వస్తయి."

"ఖాళీగా వస్తే సున్నా ఎందుకు వేశారు?"

"మొదట ఖాళీగనే ఉంచిన" అని మేనేజరు వైపు చూసింది.

"అది మా స్టాండర్డ్ ప్రాక్టీస్ అండి" అన్నాడతను. "మ్యాపులో చిల్లులుంటే క్లయింట్‌కి నచ్చదు, గ్రాఫ్ తెగిపోతుంది. మాది ముందు నుంచీ బ్యాంకుల సాఫ్ట్‌వేర్ కదా. ఒక రోజు ఎవరూ డిపాజిట్ చెయ్యలేదనుకోండి, ఆ గడి బ్లాంక్ వస్తుంది. బ్లాంక్ అంటే జీరోయే. అదే రూల్ ఇక్కడా పెట్టాం."

అరికాలి మంట నెత్తికెక్కింది. సముద్రం బ్యాంకుట! మబ్బు అడ్డం వచ్చిన నెలల్లో అందులో ఎవరూ ఏమీ వెయ్యలేదట!

"మరి నా సీసాల కొలతలు పంపాను కదా? వానాకాలానివి?"

"మీ శాంపిల్స్‌లో శాటిలైట్‌తో మ్యాచ్ అయిన రోజులవే తీసుకున్నామండి."

అంటే ఆకాశం తేటగా ఉన్న రోజులవి. ఉపగ్రహానికి కనపడని రోజుల్లో నేను చూసినవి, వాళ్ళు పక్కన పడేశారు. ఆ నీళ్ళు ఎలా పట్టానో వీళ్ళకేం తెలుసు? అలలకు బోటు ఒరిగిపోతుంటే, నేను వంగి సీసా ముంచేటప్పుడు పడిపోకుండా పోలయ్య నా నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకునేవాడు. వడగట్టిన కాగితం ఆకులా పచ్చగా దిగేది. పాకం అంటిన ఆ కొలతల కాగితాలు బల్ల మీద పరిచాను. మేనేజరు వేలితో ముట్టుకుని, వేలు తుడుచుకున్నాడు.

"ఇవి పాయింట్స్ మేడమ్. తీరమంతటి కవరేజ్ కాదు కదా."

"మీ సున్నాలకుందా కవరేజీ?"

స్వప్న మెల్లగా అంది. "సార్, కనీసం ఆ నెలలు సగటుల నుంచి తీసేద్దాం. మబ్బు అని రాద్దాం. మేడమ్‌వి పక్కన పెడదాం. నాకు ఒక్క రోజు పని."

"నెక్స్ట్ ఇయర్ వెర్షన్‌లో చూద్దాం స్వప్నా. డెడ్‌లైన్ అయిపోయింది."

"జెట్టీ కూడా వచ్చే ఏడాది వెర్షన్‌లో మార్చి కడతారా?" అన్నాను. భోజనానికి లేవమన్నాడు.

క్యాంటీనులో నాకోసమని ప్రత్యేకంగా చేపల వేపుడు చెప్పించాడు. అది ఎక్కడి చేప అని వడ్డించే అతన్ని అడిగాను. "సముద్రం చేప మేడమ్, కాకినాడ దిక్కు నుంచి ఐసుల వస్తది" అన్నాడు. ప్లేటు ఖరీదు బోర్డు మీద రెండు వందలని ఉంది. ఆ డబ్బుకు మా ఒడ్డున నూకాలమ్మ గంపలో సగం ఇస్తుంది. మా సముద్రంలో ఏమీ లేదని పదకొండో అంతస్తులో రాసి, కింది అంతస్తుకు దిగి మా చేప తింటున్నారు! ఆ ముక్క ముట్టకుండా ప్లేటు పక్కకు జరిపాను.

భోజనం కాగానే సంతకం కాగితం నా ముందుకు జరిపాడు. పెట్టనన్నాను. అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని, స్వప్నకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. "మీరు మనవాళ్ళే కదండి. ఇలాంటి టైములో మనం మనం ఒక మాట మీద ఉండకపోతే ఎలా? ఆ పిల్ల ఏదో అంటుంది. వాళ్ళ సంగతి మీకు తెలుసుగా."

ఎవరండీ మనవాళ్ళు? కుళ్ళిన చేప బుట్టకెత్తుకునే నూకాలమ్మ ఇతని మనవాళ్ళలో ఉందా? నా సముద్రం తరఫున ఆ గదిలో నోరు విప్పింది ఆ జనగామ పిల్ల ఒక్కతే. గంగిరెద్దులా తలూపి వెళ్ళే మనిషి కావాలనుకుంటే వాళ్ళు తప్పు మనిషిని పిలిచారు.

"చూడని చోట ఏమీ లేదని రాసినదాని కింద నేను సంతకం పెట్టను" అన్నాను, గది మొత్తానికి వినపడేలా.

అతనూ మర్యాద వదిలేశాడు. "పెట్టకపోయినా రిపోర్ట్ ఆగదు మేడమ్. మీ గడి ఖాళీగా వదిలేసి పంపిస్తాం."

"వదిలేయండి. అక్కడైనా ఖాళీని ఖాళీగా ఉంచండి" అని సంచి తీసుకుని లేచాను.

మళ్ళీ పొయ్యి దగ్గర

వచ్చేటప్పుడు ఇస్తామన్న కారు రాలేదు. చెప్పు తెగింది. స్వప్న కిందికి వచ్చి, నాతో పాటు నడిచింది. "ఖాళీలు ఖాళీగనే ఉంచుదామని చానసార్లు చెప్పిన మేడమ్. ఇనలే" అంది. ఆ పిల్లకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నేను తెగిన చెప్పు చేత్తో పట్టుకుని విసవిసా నడుస్తున్నాను.

యాదమ్మ మాట తప్పలేదు. పొయ్యి మీద ఇంకా అన్నం ఉంది. ఇద్దరికీ విస్తళ్ళు వేసి, వేడన్నం, పప్పు, పచ్చిపులుసు పోసింది. మా ఇళ్ళల్లో పులుసంటే మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, పచ్చి ఉల్లిపాయలు వేసి, కాల్చిన మిరపకాయ నలిపి, పొయ్యి ఎక్కించకుండానే పోసేస్తారు. మొదటి ముద్దకు నాకు పొలమారింది. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను. పొద్దున్నుంచి తిన్నది అప్పుడే.

"పనైందా అక్కా?" అంది యాదమ్మ.

కాలేదన్నాను. ఉపగ్రహం అవీ ఇవీ లేకుండా చెప్పాను: మబ్బు పట్టి మా సముద్రం వాళ్ళకు కనపడలేదు, అందుకని అందులో ఏమీ లేదని రాసేశారు.

ఆవిడ గరిటె ఆపింది. "కనపడకుంటే అడగాలె గదా? అక్కడుండేటోళ్ళు మీరేనాయె. అడగకుంట ఎట్ల రాస్తరు?" అని, రోడ్డు మీద కూర్చున్న జనం వైపు చూసి, "మమ్ముల గూడ ఎవ్వలడిగిన్రులే" అంది.

కాజాల డబ్బా సంచిలోనే ఉంది. మేనేజరుకు ఇవ్వడానికి చెయ్యి రాలేదు. తీసి యాదమ్మ చేతిలో పెట్టాను. పాకం కారిపోయి సగం ఎండిపోయాయి, అయినా పంక్తిలో అందరికీ తలో ముక్కా వచ్చింది. "మంచిగున్నయి, జర తీపి ఎక్కువ" అంది యాదమ్మ. మాకు ఎక్కువ కాదు, అన్నాను.

కాకినాడ

ఇంటికి వచ్చాక ప్రిన్సిపాల్ గారు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పోలయ్యకు మాత్రం జరిగిందంతా చెప్పాను. "మబ్బుంటే మనం ఏటకెల్తాం గదండి, ఆళ్ళు సూడ్డం మానేత్తారా?" అని ఆశ్చర్యపోయాడు. నూకాలమ్మ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. సంతకం పెట్టకపోవడం వల్ల ఒరిగిందేమిటని నాకూ అనిపించింది.

పోయిన వారం ఫోను వచ్చింది. జెట్టీలు మంజూరు చేసే కమిటీలో ఒక అధికారి.

"మేడమ్, ఈ రిపోర్టులో అన్ని గడులూ నిండి ఉన్నాయండి. మీ తీరం దగ్గర సంతకం గడి ఒక్కటే ఖాళీగా ఉంది. ఎందుకు?"

సున్నాలతో నిండిన వానాకాలం మొత్తం ఆయన కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయింది, ఒక్క ప్రశ్న పుట్టలేదు. నింపకుండా వదిలేసిన గడి దగ్గర ఆగాడు.

చెప్పాను. మబ్బు సంగతి, బ్యాంకు సంగతి, సీసాల సంగతి, అన్నీ. కోపంగానే చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, వానాకాలపు కొలతలు పంపమన్నాడు. "నేను వచ్చి చూడవచ్చా?" అని కూడా అడిగాడు. వానాకాలంలోనే రండి, మబ్బు పట్టిన రోజునే రండి, అన్నాను. జెట్టీ వస్తుందో రాదో నాకు తెలియదు.

సాయంత్రం ఒడ్డుకు వెళ్ళి పోలయ్యతో చెప్పాను, ఆఫీసరు గారు మన బోటెక్కి చూస్తారట అని. అతను వల బాగు చేసుకుంటున్నాడు. నూకాలమ్మ పక్కనే ఉంది.

"నిజంగా వత్తారాండీ?" అంది ఆవిడ.

"వస్తానన్నారు."

పోలయ్య వల పక్కన పెట్టాడు.

"ఆయ్. అయితే ఇంకో తాడు కొనాలండి."